రుబాత్ : ఒక్క ఋతువు కోసం ఏడాది పొడుగునా నిలిచే ఇల్లు

బాటసారికి నీడ చూపడం పుణ్యకార్యమని మన దేశంలో అన్ని మతాలవారూ తరతరాలుగా విశ్వసించారు. సత్రం, చావడి, ధర్మశాల, సరాయి, ముసాఫిర్‌ఖానా — పేరేదైనా వాటి వెనుక నున్న భావం ఒక్కటే. కాశీకి పోయిన తెలుగువాడు అక్కడి శ్రీరామ తారక ఆంధ్రాశ్రమంలో తన భాష విని ఎంత ఊరట చెందుతాడో, మక్కాకు పోయిన మన ప్రాంతపు హాజీ హైదరాబాదు రుబాత్ అనే మాట విని అంతే ఊరట చెందుతాడు. కాశీ మన దేశంలోనిదే. మక్కా మాత్రం సముద్రానికి ఆవల, సుమారు నాలుగు వేల కిలోమీటర్ల దూరాన ఉన్నది. అంత దూరాన, పరాయి ప్రభుత్వం కింద, ఏడాదిలో కొద్ది వారాలు మాత్రమే నిండే ఒక ఇంటిని ఇక్కడి వారు ఎట్లా నిలబెట్టారు? మిగిలిన నెలలలో దానిని ఎవరు పోషించారు? ఈ ప్రశ్నలకు సమాధానం తెలుసుకోవడం ధార్మిక విషయంగానే గాక, అర్థశాస్త్రం, చరిత్ర, భూగోళం చదివే విద్యార్థులకు పాఠంగా కూడ ఉపకరిస్తుందని మేము భావిస్తున్నాము.

మొదట సమస్యను లెక్కలో చూద్దాము. చాంద్రమాన సంవత్సరానికి 354 దినాలు. యాత్రికులు నిండుగా ఉండే కాలం నలభై దినాలనుకుందాము. మిగిలిన 314 దినాలు ఇల్లు ఖాళీగా ఉంటుంది. రాబడి నలభై దినాలది, ఖర్చు మాత్రం 354 దినాలది. కాపలాదారుకు జీతం ఇవ్వాలి, గోడలకు సున్నం కొట్టాలి, నీటి గొట్టాలు బాగు చేయించాలి, పన్నులు కట్టాలి. ఖాళీగా ఉన్న ఇల్లు నిండుగా ఉన్న ఇంటికన్న త్వరగా పాడవుతుందని పెద్దలంటారు. కావున ఋతువును నమ్ముకొన్న అతిథి గృహానికి నాలుగే దారులు కనబడతాయి. ఉన్న కొద్ది దినాలలో అతిథి నుండి ఎక్కువ వసూలు చేయడం ఒకటి. తక్కిన కాలానికి వేరొక రకం అతిథిని వెదకడం రెండవది. యజమాని తక్కిన కాలంలో మరొక చోట పనిచేసి ఆ సంపాదనతో ఇల్లు నిలుపుకోవడం మూడవది. ఆ ఇంటి కోసం శాశ్వతమైన వేరొక ఆదాయాన్ని కేటాయించడం నాల్గవది. మక్కా చరిత్రలో ఈ నాలుగు దారులూ కనబడతాయి.

మూడవ దారి అన్నిటికన్న పురాతనమైనది. మక్కా లోయలో పంట పండదు. హజ్రత్ ఇబ్రాహీం (అలైహిస్సలాం) తన సంతతిని వ్యవసాయానికి అనువు కాని ఆ లోయలో నిలిపిన వృత్తాంతం అందరూ ఎరిగినదే. అట్టి చోట నివసించిన ఖురైష్ తెగవారు ఏటేటా వచ్చే యాత్రికులకు అన్నపానాలు సమకూర్చే బాధ్యతను గౌరవచిహ్నంగా భావించేవారు. నీరందించే పదవిని సిఖాయా అనీ, అన్నం పెట్టే పదవిని రిఫాదా అనీ పిలిచేవారు. రిఫాదాను ఖుసయ్ అనే పూర్వీకుడు ఏర్పరచినాడు. దాని కోసం ఖురైష్ కుటుంబాలు తమ తమ సొమ్ము నుండి వంతు ఇచ్చేవి. ఖుసయ్ మనుమడైన హాషిం, మన మహాప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) వారి ముత్తాత. రొట్టెలను తుంచి పులుసులో కలిపి యాత్రికులకు పెట్టినందువల్లనే ఆయనకు హాషిం అనే పేరు వచ్చిందని చరిత్రకారులు వ్రాశారు.

అయితే ఆ రొట్టెకు గోధుమలు ఎక్కడివి? దివ్య ఖుర్ఆన్‌లోని 106వ సూరా ఖురైష్‌ల రెండు ప్రయాణాలను పేర్కొన్నది. ఒకటి శీతకాలపు ప్రయాణం, మరొకటి వేసవి ప్రయాణం. వ్యాఖ్యాతలు వివరించిన ప్రకారం చలికాలంలో వారి బిడారులు దక్షిణాన యెమెన్‌కు, వేసవిలో ఉత్తరాన షాం దేశానికి, అనగా నేటి సిరియా ప్రాంతానికి పోయేవి. ఈ రెండు ప్రయాణాలను క్రమబద్ధం చేసిన ఘనత కూడ హాషింకే చెందుతుంది. ఆయన వర్తకయాత్రలో ఉండగానే గాజా నగరంలో మరణించారు. ఇప్పటికీ ఆ నగరాన్ని హాషిం గాజా అని పిలవడం కలదు. ఇంటి దగ్గర అతిథికి అన్నం పెట్టడానికి పరదేశంలో పని చేయవలసి వచ్చిన తొలి గృహస్థులలో ఆయన్ను లెక్కించవచ్చును. ఆ ప్రయాణాల సంపాదనయే హజ్ కాలపు ఆతిథ్యానికి ఆధారమైనది.

ఇక రుబాత్ అనే మాటను పరిశీలిద్దాము. అరబ్బీలో రిబాత్ అనగా మొదట సరిహద్దులలో కాపలా సైనికులు ఉండే కోట. గుర్రాలను కట్టివేసే చోటు అనే అర్థం దాని ధాతువులో ఉన్నది. కాలక్రమేణ సూఫీలు నివసించే మఠానికి, ఆ తరువాత బీదలూ యాత్రికులూ ఉచితంగా ఉండే వసతి గృహానికి ఆ పేరు వచ్చింది. మన ప్రాంతపు ఉర్దూలో అది రుబాత్ అయినది. యాత్రికుల కోసం కట్టడాలు నిర్మించే సంప్రదాయం ఖలీఫా హారూన్ అల్ రషీద్ కాలం నుండి ప్రసిద్ధమైనది. ఆయన భార్య జుబైదా బేగం కూఫా నుండి మక్కాకు పోయే ఎడారి మార్గంలో బావులు, చెరువులు, విడుదులు నిర్మింపజేసినది. ఆ మార్గానికి నేటికీ జుబైదా బాట అనే పేరు నిలిచి ఉన్నది. ఆమె 831లో మరణించినది.

హిందూదేశపు పాలకులు అంత దూరాన ఇళ్లు కట్టించడానికి భక్తితో బాటు మరొక బలమైన కారణం కూడ కలదు. అది గాలి. ఆవిరి ఓడలు రాక పూర్వం నావలన్నీ తెరచాపల మీదనే నడిచేవి. పశ్చిమ తీరంలోని సూరత్ రేవును మక్కా ద్వారమని పిలిచేవారు. మన తెలుగు తీరంలోని మచిలీపట్నం నుండి కూడ గోల్కొండ పాలకుల కాలంలో, 17వ శతాబ్దిలో, ఎర్ర సముద్రానికి నావలు పోయేవి. ఈ నావలు ఈశాన్య గాలులను పట్టుకొని బయలుదేరి, నైఋతి గాలులను పట్టుకొని తిరిగి రావాలి. గాలులు సూర్యుని ననుసరించి వీస్తాయి. హజ్ మాత్రం చంద్రుని ననుసరించి వస్తుంది. ఈ రెండూ కలిసిన ఏడు యాత్రికుడు త్వరగా తిరిగి వచ్చేవాడు. కలవని ఏడు హజ్ కోసమో, తిరుగు గాలి కోసమో అతడు నెలల తరబడి పరదేశంలో పడి ఉండవలసి వచ్చేది. చేతి సొమ్ము అయిపోయేది, జబ్బు చేసేది. అట్టివానికి ఉచితంగా తలదాచుకొనే ఇల్లు ఎంత అవసరమో ఊహించుకోవచ్చును. 1869లో సూయెజ్ కాలువ తెరచిన తరువాత ఆవిరి ఓడల రాకపోకలు పెరిగి, ప్రయాణకాలం తగ్గినది. యాత్రికుల సంఖ్య మాత్రం పెరిగినది. కనుక ఇళ్ల అవసరం తగ్గలేదు.

ఆ రోజులలో మక్కా పట్టణవాసుల జీవనం ఎట్లుండేదో 1885లో అక్కడ నివసించిన డచ్చి పండితుడు స్నూక్ హుర్‌గ్రోన్యె వివరంగా వ్రాసినాడు. పట్టణంలో చాలమందికి హజ్ ఋతువే పంట. ఇంటివారు తాము ఒక మూలకు సర్దుకొని, తక్కిన గదులన్నీ యాత్రికులకు అద్దెకిచ్చేవారు. యాత్రికులకు దారి చూపి, ఆచారాలు నేర్పి, బస చూపించే ముతవ్విఫ్‌లు వంశపారంపర్యంగా ఆ వృత్తిలో ఉండేవారు. మన హాజీలు వీరిని ముఅల్లిం అనేవారు. ఒక్కొక్క ముతవ్విఫ్ కుటుంబం ఒక్కొక్క దేశపు యాత్రికులతో సంబంధం పెట్టుకొనేది. ఋతువు ముగిసిన తరువాత వారి మనుషులు హిందూదేశానికీ, జావా ద్వీపానికీ ప్రయాణమై, పాత యాత్రికులను పలుకరించి, రాబోయే ఏటికి కొత్తవారిని కూడగట్టుకొని వచ్చేవారు. ఖురైష్‌ల రెండు ప్రయాణాల పద్ధతి ఇక్కడ మరొక రూపంలో కనబడుతున్నది. అతిథి గృహం ఒక చోట, దాని కోసం చేసే పని మరొక చోట. సౌదీ ప్రభుత్వం తరువాతి కాలంలో ఈ కుటుంబ వృత్తిని నిబంధనల కిందికి తెచ్చి, సంస్థలుగా మార్చివేసినది.

అద్దె గదులలో డబ్బున్నవాడు ఉండగలడు. లేనివాని సంగతి ఏమి? ఈ ప్రశ్నకు సమాధానంగానే నాల్గవ దారి, అనగా వక్ఫ్, ముందుకు వచ్చినది. ఒక ఆస్తిని అల్లాహ్ పేర అర్పించి, దానిని అమ్మరాదు, దానం చేయరాదు, వారసత్వంగా పంచుకోరాదు, దాని ఫలాన్ని మాత్రం ఫలానా పనికి వినియోగించాలి అని నిర్ణయించడమే వక్ఫ్. దానిని చూచుకొనేవాడు ముతవల్లీ. మక్కాలోని రుబాత్‌ల వ్యవహారం చూచేవానిని నాజిర్ అంటారు. వీరు యజమానులు కారు, కాపలాదారులు మాత్రమే. భోపాల్ నవాబు బేగములు, దక్కను పాలకులు, మలబారు వర్తకులు ఈ విధంగా మక్కా మదీనాలలో ఇళ్లు ఏర్పరచినారు. భోపాల్ సికందర్ బేగం 1863-64లో స్వయంగా హజ్ యాత్ర చేసి తన అనుభవాలను గ్రంథస్థం చేసినది.

వక్ఫ్‌లోని విశేషమేమంటే, ఒక చోటి ఆస్తి మరొక చోటి అవసరాన్ని తీర్చగలదు. హైదరాబాదు పత్తర్‌గట్టి దగ్గరి మదీనా బిల్డింగును మనలో చాలమంది ఎరుగుదురు. పండుగలకు బట్టలు కొనడానికి అక్కడికి పోనివారు అరుదు. అది అల్లాదీన్ వక్ఫ్‌కు చెందిన కట్టడం. అక్కడి దుకాణాల అద్దెలు మదీనా నగరవాసుల సహాయార్థం ఉద్దేశింపబడినవి. ఆ పేరు వెనుక కథ అదే. చమురు దొరకక పూర్వం అరబ్బు దేశం ఎంత బీదదో, అప్పుడు దక్కను అంగళ్ల అద్దె అక్కడి బీదలకు ఎట్లు ఆసరా అయినదో ఈ ఒక్క ఉదాహరణ చెబుతున్నది. నేడు మన యువకులు పొట్ట చేతబట్టుకొని ఆ దేశానికే పోవడం కాలచక్ర విచిత్రమని చెప్పక తప్పదు.

హైదరాబాదు రుబాత్ ఈ కోవలోనిదే. 1857 నుండి 1869 వరకు పాలించిన ఐదవ నిజాం అఫ్జలుద్దౌలా కాలం నాటిదని దీనికి ప్రసిద్ధి. నిజాం రాజ్యపు యాత్రికులకు మక్కా మదీనాలలో ఉచిత వసతి కల్పించడం దీని ఉద్దేశం. రాజ్యం 1948లో భారతదేశంలో విలీనమైనది. 1956లో హైదరాబాదు రాష్ట్రం మూడు ముక్కలై, మూడు భాషల రాష్ట్రాలలో కలిసిపోయినది. అయినా రుబాత్ లెక్కలో పాత రాజ్యపు ఎల్లలు చెరగలేదు. నాటి పదహారు జిల్లాల వారికి, అనగా ఎనిమిది తెలంగాణ జిల్లాలు, ఐదు మరాఠ్వాడా జిల్లాలు, మూడు కన్నడ జిల్లాల వారికి మాత్రమే ఆ హక్కు. సిద్దిపేట 2016 అక్టోబరు 11న ప్రత్యేక జిల్లా అయినది. అంతకు పూర్వం మెదక్ జిల్లాలోనిది. మెదక్ నాటి పదహారింటిలో ఒకటి గనుక మన పట్టణవాసులకు, మన చుట్టుపట్ల గ్రామాలవారికి ఈ అర్హత సంక్రమించినది. ఔరంగాబాదు వానికీ, గుల్బర్గా వానికీ, సిద్దిపేట వానికీ మక్కాలో ఒకే ఇల్లు. భాషలు వేరైనా అక్కడ ముగ్గురూ ఒకే ఊరి వారు.

ఈ హక్కు ఆచరణలో ఎట్లా నడిచేదో కూడ చెప్పవలసి ఉన్నది. 2010 తరువాతి సంవత్సరాలలో హజ్ కమిటీ ద్వారా ఎంపికైన యాత్రికులలో ఈ జిల్లాల వారి పేర్లు తీసుకొని, నిజాం ఔఖాఫ్ కమిటీ, మక్కాలోని నాజిర్ కలిసి హైదరాబాదులో ఖుర్రా, అనగా చీటీలు తీసేవారు. పేరు వచ్చినవారికి మక్కాలో బస ఉచితం. వసతి కింద కట్టిన సొమ్ము వారికి తిరిగి వచ్చేది. కేంద్ర ప్రభుత్వం హజ్ సబ్సిడీని 2018లో నిలిపివేసినది. ఆనాటి నుండి ఖర్చంతా యాత్రికుడే భరించాలి. జీవితమంతా బీడీలు చుట్టి, కుట్టుమిషను తొక్కి, చిల్లర అంగడి నడిపి కూడబెట్టిన సొమ్ముతో బయలుదేరే వృద్ధ దంపతులకు అట్టి మినహాయింపు చిన్న విషయం కాదు.

ఇక ఋతువు సంగతి. కొండప్రాంతపు విడిది గృహాలకు వేసవి వేసవిలోనే వస్తుంది. శబరిమల యాత్ర చలికాలంలోనే వస్తుంది. మక్కా అతిథి గృహానికి మాత్రం ఋతువు నిలకడగా ఉండదు. చాంద్రమాన సంవత్సరం సూర్యమానం కన్న సుమారు 11 దినాలు తక్కువ. కనుక హజ్ ఏటేటా అన్ని దినాలు ముందుకు జరిగి, సుమారు 33 ఏళ్లలో అన్ని ఋతువులనూ చుట్టి వస్తుంది. 2006లో జనవరిలో ఒకసారి, డిసెంబరు చివర మరొకసారి, ఒకే సంవత్సరంలో రెండు హజ్‌లు జరిగినవి. లెక్క ప్రకారం 2039లో మరల అట్లే జరుగవలసి ఉన్నది. ఈ నడుమ 2024, 2025 సంవత్సరాలలో హజ్ జూన్ నెలలో పడినది. 2024 జూన్‌లో మక్కాలో ఉష్ణోగ్రత 51.8 డిగ్రీలకు చేరినది. ఆ ఏడు 1,301 మంది యాత్రికులు మరణించారని సౌదీ ప్రభుత్వం ప్రకటించినది. వారిలో నూటికి 83 మంది అనుమతి లేకుండా వచ్చినవారు. వారికి గుడారం లేదు, బస లేదు. ఎండలో బహుదూరం నడిచినారు. వసతి అనేది సౌఖ్యానికి సంబంధించిన విషయం కాదనీ, ప్రాణానికి సంబంధించిన విషయమనీ నిరూపించడానికి ఇంతకన్న సాక్ష్యం అక్కరలేదు.

ఈ జరుగుడు అతిథి గృహపు నిర్వహణను కూడ మార్చివేస్తుంది. వేసవి హజ్‌కు చల్లని నీరు, శీతలయంత్రాలు, విద్యుత్తు ప్రధానం. చలికాలపు హజ్‌కు దుప్పట్లు, వేడినీరు కావాలి. యాత్రికుల రకం కూడ మారుతుంది. జూన్ మాసంలో మృగశిర కార్తె వస్తుంది. విత్తనాలు వేసే వేళ రైతు పొలం విడిచి పోవడం కష్టం. హజ్ ఏప్రిల్, మార్చి నెలలకు జరిగితే యాసంగి కోతలతో, పిల్లల పరీక్షలతో చిక్కు. ఉపాధ్యాయులకు మే నెల సెలవులలో వచ్చే హజ్ అనుకూలం. కావున ముప్పదిమూడేళ్ల చక్రాన్ని ముందుగా లెక్కించుకొని, ఏ వృత్తివారు ఏ సంవత్సరాలలో పోగలరో నిర్ణయించుకోవడం తెలివైన పని. గణితం చదివే విద్యార్థులు ఇట్టి పట్టికను సులభంగా తయారు చేయగలరు.

ఋతువే రాకపోతే ఏమగును? 2020లో కరోనా వ్యాధి కారణంగా సౌదీ దేశంలో ఉన్న కొద్దిమందికి మాత్రమే హజ్ అనుమతి లభించినది. 2021లో కూడ అక్కడి నివాసులైన సుమారు 60 వేల మందికే అవకాశమిచ్చారు. రెండేళ్లు హిందూదేశం నుండి ఒక్క యాత్రికుడు పోలేదు. అద్దె మీద బ్రతికే ఇంటికి అది కరువు కాలం. వరుసగా రెండు పంటలు పోయిన రైతు స్థితి దానిది. వేరొక ఆదాయం ఉన్న వక్ఫ్ మాత్రమే అట్టి దెబ్బను తట్టుకోగలదు. సామాన్య గృహస్థుడైనా, విద్యాసంస్థ అయినా ఒక్క ఋతువు మీదనే ఆధారపడరాదనే నీతి ఇందులో ఉన్నది.

అయితే వక్ఫ్ పేరు పెట్టినంత మాత్రాన ఆస్తి తనంతట తాను నిలువదు. మక్కాలో హరం షరీఫ్ పలుమార్లు విస్తరింపబడినది. 1955లో ప్రారంభమైన విస్తరణలో, ఆ తరువాత 1980 దశకపు చివర, మరల 2011 నుండి, చుట్టుపట్ల ఇళ్లు ఎన్నో తొలగింపబడినవి. పాత రుబాత్‌లు తమ తొలి స్థలాలలో నిలువలేదు. అట్టి సమయంలో ప్రభుత్వం నష్టపరిహారం ఇస్తుంది. ఆ సొమ్ముతో మరొక చోట ఇల్లు సమకూర్చి వక్ఫ్‌ను కొనసాగించాలని ధర్మశాస్త్రం చెబుతున్నది. అందుకు నాజిర్ ఎవరో తేలాలి, పత్రాలు చేతిలో ఉండాలి. లేకపోతే ఏమగునో కేరళలోని తలశ్శేరి వర్తకుడు మాయిన్‌కుట్టి కేయీ కట్టించిన రుబాత్ చరిత్ర చెబుతున్నది. 19వ శతాబ్దిలో మలబారు యాత్రికుల కోసం వెలసిన ఆ ఇల్లు 1971లో విస్తరణ నిమిత్తం కూల్చివేయబడినది. పరిహారంగా నిర్ణయించిన 14 లక్షల రియాళ్లు సౌదీ ఖజానాలో జమ అయినవి. హక్కుదారులు ఎవరనే విషయమై కుటుంబ శాఖల మధ్య తగవు సాగినది. దశాబ్దాలు గడిచినా ఆ సొమ్ముతో మలబారు హాజీకి ఒక్క గది సమకూడలేదు. కట్టించినవాని సంకల్పం గొప్పది. వెనుకటివారి కాగితాలు చాలలేదు.

ఈ సంగతి దూరదేశపు ఇళ్లకే పరిమితం కాదు. మన ఊళ్లలోని మసీదులకు, దర్గాలకు, శ్మశానవాటికలకు, పాఠశాలలకు అర్పింపబడిన భూములకూ వర్తిస్తుంది. 2025లో వక్ఫ్ చట్టానికి సవరణ జరిగి, వక్ఫ్ ఆస్తుల వివరాలన్నీ కేంద్ర ప్రభుత్వపు ఉమీద్ పోర్టల్‌లో నమోదు చేయవలసి వచ్చినది. ఆ చట్టం మంచిచెడ్డల గురించి విభిన్న అభిప్రాయాలు ఉండవచ్చును. కాని దస్తావేజు లేని ఆస్తికి రక్షణ లేదనే విషయంలో ఎవరికీ భిన్నాభిప్రాయం ఉండదు. ఉర్దూలో, పారసీలో వ్రాసిన పాత మున్‌తఖబ్‌లు, సనదులు చెదలు పట్టిన పెట్టెలలో ఉన్నవి. వాటిని చదువగలవారు తగ్గిపోతున్నారు. తెలుగూ ఉర్దూ రెండూ నేర్చే మన విద్యార్థుల కన్న ఈ పనికి తగినవారు మరెవరు? రెండు లిపులు తెలిసినవాడు రెండు కాలాల నడుమ వంతెన వంటివాడు.

ఈ అతిథి గృహాలను నడిపించే మనుషుల గురించి రెండు మాటలు. నాజిర్ మక్కాలో ఉంటాడు. కమిటీవారు హైదరాబాదులో ఉంటారు. ఋతువు వచ్చినప్పుడు మాత్రం ఎందరో తమ తమ పనులు విడిచి సేవకు పోతారు. ప్రభుత్వ ఉద్యోగులు కొందరు ఖాదిముల్ హుజ్జాజ్‌లుగా ఎంపికై యాత్రికుల వెంట పోవడం చిరకాలంగా ఉన్న ఏర్పాటు. ఇటీవల వారిని రాష్ట్ర హజ్ ఇన్‌స్పెక్టర్లని పిలుస్తున్నారు. పది నెలలు బడిలోనో, కచేరీలోనో, ఆసుపత్రిలోనో పనిచేసినవాడు ఆ కొద్ది వారాలు తప్పిపోయిన వృద్ధులను గది చేరుస్తూ, జబ్బుపడినవారిని వైద్యశాలకు మోస్తూ గడుపుతాడు. ఖురైష్‌ల సిఖాయా పదవికి ఈనాటి రూపం ఇదే. మన ప్రాంతపు యువకులు కొందరు హజ్ కాలపు తాత్కాలిక పనులకు కూడ సౌదీకి పోతుంటారు. అట్టి వీసాకు గడువు ఉంటుంది, ఆ గడువు దాటి ఉండడం నేరం. ఒప్పందపు కాగితం చదువకుండ, చదివించుకోకుండ ఎవరూ విమానమెక్కరాదని మేము విద్యార్థుల ద్వారా వారి ఇండ్లకు తెలుపగోరుతున్నాము.

పూర్వం సిద్దిపేట హాజీ రైలెక్కి బొంబాయి పోయి, క్రాఫర్డ్ మార్కెట్ సమీపంలోని సాబూ సిద్దీఖ్ ముసాఫిర్‌ఖానాలో దిగి, ఓడ కోసం ఎదురుచూచేవాడు. మొగల్ లైన్ వారి ఓడలలో రోజుల తరబడి ప్రయాణించి జిద్దా చేరేవాడు. 1995తో ఓడ ప్రయాణం ముగిసినది. ఇప్పుడు హైదరాబాదు నాంపల్లిలోని హజ్ హౌస్, ఆ తరువాత శంషాబాదు విమానాశ్రయం, కొన్ని గంటలలో జిద్దా లేక మదీనా. ప్రయాణం సులువైనది గాని, దిగిన చోట నీడ కావాలనే అవసరం మాత్రం తీరలేదు. ఉమ్రా యాత్రికులు ఇప్పుడు ఏడాది పొడుగునా పోతున్నారు గనుక అద్దె గృహాలకు ఖాళీ కాలం తగ్గినది, అనగా రెండవ దారి విశాలమైనది. దానితో బాటు బీదవానికి హరం దగ్గర చోటు దొరకడం మరింత కష్టమైనది. కావుననే నాల్గవ దారి విలువ తగ్గలేదు.

పై చర్చను బట్టి మా కళాశాల కమిటీవారికి మూడు సూచనలు చేయ సాహసిస్తున్నాము. మొదటిది, ఏటా హజ్ దరఖాస్తుల కాలంలో కళాశాలలో విద్యార్థుల చేత సహాయ కేంద్రం నడిపించాలి. పాస్‌పోర్టు, నివాస ధ్రువపత్రం, పాత మెదక్ జిల్లా వాసులమనే ఆధారం మొదలైనవి సరిచూచి వృద్ధులకు ఫారములు నింపి పెట్టాలి. రెండవది, ఈ పట్టణంలోని వక్ఫ్ దస్తావేజులను ముతవల్లీల అనుమతితో నకలు తీసి, తెలుగులో సారాంశం వ్రాయించి, గ్రంథాలయంలో భద్రపరచాలి. మూడవది, కళాశాల వసతిగృహానికి రుసుముల మీద గాక, ఒక చిన్న స్థిరాదాయం ఏర్పరచాలి. రెండు అంగళ్ల అద్దె అయినా చాలును. సెలవులలో పిల్లలు ఇళ్లకు పోయినప్పుడు కూడ వసతిగృహపు దీపం వెలుగుతూ ఉండడానికి అది ఆధారమవుతుంది.

విద్యార్థి మిత్రులారా! మీ ఇండ్లలో తాత, నాయనమ్మలు హజ్‌కు పోయివచ్చినవారు ఉంటే, వారు ఏ సంవత్సరంలో పోయినారు, ఎక్కడ దిగినారు, ఆ బసకు ఎవరు ఎంత ఇచ్చినారు అని అడిగి వ్రాసి పెట్టుకోండి. ఇంకను పోనివారు ఉంటే, రుబాత్ అర్హత గురించి వారికి చదివి వినిపించండి. కట్టించినవారు మనకు ఒక ఇంటిని విడిచిపోయినారు. దాని లెక్కను, దాని కాగితాన్ని, దాని తలుపును కాపాడవలసిన బాధ్యత మనది.